సింహాల గురించి చెప్తారు, సర్టిఫికెట్టు గురించి చెప్పరు

పోయిన నెలలో రెండు సంగతులు ఒకే వారంలో జరిగాయి. రెండూ కలిసి నన్ను నిద్ర పోనివ్వలేదు. అందుకే చాన్నాళ్ళ తర్వాత ఈ టపా. కాస్త పెద్దదే, ఓపిక చేసుకోండి.

మొదటిది. ఆదివారం భీమిలిలో అమ్మతో పాటు చర్చికి వెళ్ళాను. ఎక్కణ్ణుంచో ఒక పాస్టరుగారు వచ్చారు. కుర్రవాడే, మంచి మాటకారి. ఆ రోజు ఆయన చెప్పింది పొలికార్పు కథ. స్ముర్న పట్టణంలో బిషప్పు, సుమారు క్రీ.శ. 155లో సంగతి. ముసలాయన్ని స్టేడియంలోకి తీసుకొచ్చి, చక్రవర్తి మీద ఒట్టు పెట్టి క్రీస్తుని తిట్టు, వదిలేస్తాం అన్నారు. ఎనభై ఆరేళ్ళు ఆయన సేవ చేశాను, ఇప్పుడెలా తిడతానన్నాడు. కాల్చి చంపారు. ఇక్కడ పాస్టరుగారు మైకు దగ్గరకి లాక్కుని "మీరైతే ఏం చేసేవారు?" అని గట్టిగా అడిగారు. నా ముందు వరసలో ఒక పెద్దాయన తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను.

రెండోది. మంగళవారం మాదాపూర్లో లంచ్ టేబుల్ దగ్గర. కబుర్లు రిజర్వేషన్ల మీదకి మళ్ళాయి (మళ్ళకపోతే ఆశ్చర్యం). మా టీంలో సీనియర్ ఒకాయన, మనిషి మంచివాడే, పెరుగన్నం కలుపుకుంటూ అన్నాడు: "మీ వైపు చాలామంది ఆదివారం చర్చికెళ్ళి, సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో హిందువులైపోతారట కదా గురూ? ఇదేం భక్తి?" టేబులంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నా సర్టిఫికెట్టు మీద హిందూ అని ఉంటుంది. ఆ టేబుల్ మీద ఎవరికీ తెలీదు. నవ్వు ఆపాక నాకు వచ్చిన కోపం ఆయన మీద కాదు. సరే, ఆయన మీద కూడా.

అసలు విషయానికి వస్తాను. పాస్టరుగారు చెప్పిన కథ నిజమే, కానీ సగం చెప్పారు. పొలికార్పుని పట్టుకోవడానికి వస్తున్నారని తెలిసినప్పుడు ఆయన ఎదురెళ్ళలేదు. ఊరి బయట పొలంలో ఉన్న ఒక ఇంట్లో దాక్కున్నాడు. అక్కడికీ వస్తున్నారంటే ఇంకో ఇంటికి మారాడు. ఆ కథ రాసిన స్ముర్న సంఘం వాళ్ళే ఇంకో మనిషి గురించి కూడా రాశారు. క్వింటస్ అని ఒకడు, తనంతట తానే ముందుకొచ్చి, మరికొందరిని కూడా రెచ్చగొట్టి తీసుకొచ్చాడు. తీరా జంతువుల్ని చూసేసరికి వణికిపోయి, వాళ్ళు పెట్టమన్న ఒట్టు పెట్టి, సాంబ్రాణి వేశాడు. ఇలా ఎగబడి వెళ్ళేవాళ్ళని మేం మెచ్చుకోం అని అదే ఉత్తరంలో రాసి పెట్టారు. అంటే హతసాక్షుల గురించి మనకి దొరికే పాత కథల్లోనే, వీరావేశం మీద హెచ్చరిక ఉంది. ఈ ముక్క నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు.

ఇప్పుడు అసలైన కథ. ఇందులో సింహాలు లేవు, గుమాస్తాలు ఉన్నారు.

క్రీ.శ. 250లో డెసియస్ అనే చక్రవర్తి ఒక ఆర్డరు వేశాడు. సామ్రాజ్యంలో ఉన్నవాళ్ళంతా దేవతలకి బలి ఇవ్వాలి, ఇచ్చినట్టు అధికారుల ముందు నిరూపించుకుని కాగితం తీసుకోవాలి. ఆ కాగితాలు కొన్ని ఈజిప్టు ఇసకలో పాడవకుండా దొరికాయి, నలభై పైచిలుకు. దాదాపు అన్నీ ఒకటే ఫార్మాటు. ఫలానా ఊరు, ఫలానావాడి కొడుకు, నేను ఎప్పుడూ దేవతలకి బలులిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట కూడా ఇచ్చాను, ప్రసాదం రుచి చూశాను, దయచేసి ధృవీకరించగలరు. కింద సాక్షి సంతకం, తారీఖు. మొట్టమొదట 1893లో బయటపడ్డ కాగితం డయోజినీస్ అనే 72 ఏళ్ళ ముసలాయనది. గుర్తింపు కోసం ఏం రాశారో తెలుసా? కుడి కనుబొమ్మ మీద మచ్చ. టెన్త్ సర్టిఫికెట్టులో మన పుట్టుమచ్చలు రాసుకున్నాం చూడండి, అచ్చం అలాగే. అది చదివిన రోజు నా టెన్త్ సర్టిఫికెట్టు తీసి మళ్ళీ చూసుకున్నాను.

ఇంకో కాగితం మొసలి దేవుడి పూజారిణిది. ఆవిడ క్రైస్తవురాలు అయ్యే ఛాన్సే లేదు, అయినా ఆవిడ కూడా లైన్లో నిలబడాల్సి వచ్చింది. ప్రభుత్వాలకి ఆడిట్ మొదలైతే అలాగే ఉంటుంది మరి.

ఆ సంవత్సరం క్రైస్తవుల్లో ఎంతమంది పొలికార్పులు తేలారు? చాలా తక్కువ. కార్తేజిలో సిప్రియన్ అనే బిషప్పు రాసింది చూస్తే, జనం బలి ఇవ్వడానికి పరిగెత్తుకుంటూ వెళ్ళారు. కొందరు సాంబ్రాణి మాత్రం వేశారు. ఇంకా తెలివైనవాళ్ళు గుమాస్తాకి డబ్బులిచ్చి, బలి ఇవ్వకుండానే కాగితం కొనుక్కున్నారు. వీళ్ళకి ఒక పేరే పెట్టారు లాటిన్లో, మన భాషలో చెప్పాలంటే "కాగితపువాళ్ళు". వీళ్ళ వాదన ఏంటంటే, మేం బలి ఇవ్వలేదు, డబ్బు ఇచ్చాం, చెయ్యకూడని పని చెయ్యకుండా ఉండటానికే ఇచ్చాం, ఇందులో తప్పేముంది?

ఆ కాగితపువాళ్ళ సంతతే నేను. వెటకారం కాదు.

మా నాన్న చిట్టివలస జూట్ మిల్లులో పనిచేసేవాడు. ఆయనకి రెండు పేర్లు. చర్చిలో ఒకటి, అది బైబిల్ పేరు. రికార్డులో ఒకటి, అందులో సింహాచలం అప్పన్న ఉన్నాడు. నా చిన్నప్పుడు అందరి నాన్నలకీ రెండు పేర్లుంటాయనుకునేవాణ్ణి. తొంభైల్లో నేను ఎంసెట్ రాయాల్సి వచ్చినప్పుడు నాన్న ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగి ఎస్సీ సర్టిఫికెట్టు తెచ్చాడు. మతం దగ్గర హిందూ. నేను అప్పుడే యూత్ మీటింగుల్లో ఆవేశంగా తిరిగే రోజులు. "ఇది అబద్ధం కదా నాన్నా, నేను సంతకం పెట్టను" అన్నాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు సదుంకో. దేవుడితో నేను సెప్పుకుంటానులే" అన్నాడు. అంతే. నేను సంతకం పెట్టాను. సీటొచ్చింది. మిగతాది మీ అందరికీ తెలిసిన కథే, కంప్యూటర్ సైన్సు, అమీర్‌పేట, ఆన్‌సైట్, అపార్ట్‌మెంటు.

ఈ మధ్య సిప్రియన్ ఉత్తరాలు తిరగేస్తుంటే ఒకచోట ఆగిపోయాను. తప్పిపోయినవాళ్ళందరినీ ఒకే గాటన కట్టొద్దు అంటాడాయన. పిలవకముందే పరిగెత్తి బలి ఇచ్చినవాడు వేరు. తానొక్కడే వెళ్ళి ఆ పని చేసి, భార్యనీ పిల్లల్నీ ఇంట్లోవాళ్ళందరినీ అందులోంచి తప్పించినవాడు వేరు. 1770 ఏళ్ళ క్రితం ఎవరో మా నాన్న గురించి రాసినట్టనిపించింది. నాన్న పోయి ఆరేళ్ళయింది, చూపించడానికి లేడు.

251లో కార్తేజిలో బిషప్పులు కూర్చుని, కాగితం కొన్నవాళ్ళని పశ్చాత్తాపం చూసి, ఒక్కొక్కరి కేసూ విచారించి మళ్ళీ చేర్చుకోవాలని తేల్చారు. రోములో నొవేషియన్ అనే ఆయన కుదరదన్నాడు. తప్పినవాడు తప్పినవాడే, చర్చిలో పవిత్రులే ఉండాలి అని వేరు కుంపటి పెట్టుకున్నాడు. చరిత్ర సిప్రియన్ పక్షాన నిలిచింది. తమాషా ఏంటంటే 250లో సిప్రియన్ కూడా ఊరొదిలి దాక్కున్నాడు. పిరికివాడని అప్పట్లోనే చాలామంది తిట్టారు. ఎనిమిదేళ్ళ తర్వాత, 258లో, ఇంకో చక్రవర్తి హయాంలో ఆయన తల నరికారు. అప్పుడు పారిపోలేదు. ఈ మనిషి ధైర్యవంతుడా పిరికివాడా? ఒక్క రోజు చూసి చెప్పగలరా ఎవరైనా?

సరే, ఇప్పుడు మా సీనియర్ గారికి జవాబు. అక్కడ నవ్వేశాను కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.

1950 ఆగస్టులో రాష్ట్రపతి ఆర్డరు ఒకటి వచ్చింది. అందులో మూడో పేరా. హిందూ మతం కాని వేరే మతం ఆచరించేవాళ్ళని షెడ్యూల్డు కులస్థులుగా పరిగణించకూడదు. 1956లో సిక్కుల్ని కలిపారు. 1990లో బౌద్ధుల్ని కలిపారు. ముస్లింలూ క్రైస్తవులూ బయటే ఉండిపోయారు. ఎస్టీలకి ఈ మతం షరతు లేదు. అరకులో చర్చికెళ్ళే గిరిజనుడు తలెత్తుకుని తన మతం రాసుకోవచ్చు. మా భీమిలిలో పావురాళ్ళకొండ ఉంది కదా, పైన పాత బౌద్ధారామం శిథిలాలు. రేపు నేను ఆ కొండెక్కి బౌద్ధం తీసుకుంటే నా సర్టిఫికెట్టు చెల్లుతుంది. కొండ దిగి, ఊళ్ళో 1864లో కట్టిన సెయింట్ పీటర్స్ చర్చి మెట్లెక్కితే చెల్లదు. ఈ మధ్యలో నా కులానికి ఏమైనట్టు?

"మీ మతంలో కులం లేదంటారుగా, మరి రిజర్వేషన్ ఎందుకు?" ఇది ప్రతివాడూ కొత్తగా కనిపెట్టినట్టు అడిగే ప్రశ్న. సిక్కు మతంలో ఉందా? బౌద్ధంలో ఉందా? వాళ్ళకి ఇచ్చినప్పుడు ఈ లాజిక్ ఎక్కడికి పోయింది? పుస్తకంలో లేనిది ఊళ్ళో ఉంది. పెళ్ళి ప్రకటనల్లో చూడండి, క్రిస్టియన్ అని రాసి పక్కనే కులం రాస్తారు, మాల క్రిస్టియన్, రెడ్డి క్రిస్టియన్, కమ్మ క్రిస్టియన్. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపినవాళ్ళు, నువ్వే చర్చికెళ్తావు, ఏ గుడికెళ్తావు అని అడిగి చంపలేదు.

మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకీ వాళ్ళ పిల్లలకీ బీసీ-సి అనే గ్రూపు ఉంది. ఒక్క శాతం. ఎస్సీలకి పదిహేను. అంటే నిజం రాసినవాడికి ఒకటి, అబద్ధం రాసినవాడికి పదిహేను. ఈ సిస్టం డిజైన్ చేసినవాళ్ళు జనం ఏ కాలమ్ నింపుతారనుకున్నారు? మనం రోజూ చూస్తాం కదా, యూజర్లు అందరూ ఒకే తప్పు చేస్తుంటే యూజర్‌ని తిట్టం, స్క్రీన్ చూస్తాం.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం షరతు తీసెయ్యమని నివేదిక ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2009లో ఒకసారి, 2023లో ఇంకోసారి తీర్మానాలు చేసి కేంద్రానికి పంపింది. 2022 అక్టోబర్లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఇంకోపక్క కోర్టులు గట్టిగానే మాట్లాడుతున్నాయి. 2024 నవంబర్లో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో, నిజమైన విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యటమే అంది. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది. మతం మారాక చేతిలో కులం సర్టిఫికెట్టు ఇంకా రద్దు కాకుండా ఉన్నా ఆ చట్టం రక్షణ రాదంది. చట్టం ప్రకారం వాళ్ళు చెప్పింది అది. నేను లాయర్ని కాను. కానీ నన్ను తిట్టిన కులం బూతుకి నా బాప్తిస్మం రికార్డు తెలీదు, అది మాత్రం నాకు తెలుసు.

ఇక "ఇదేం భక్తి" అన్న మాటకి. సీనియర్ గారూ, ప్రతి జనవరిలో మన ఫ్లోర్లో జరిగే పండగ గుర్తుందా? అత్తగారి పేరు మీద, బావమరిది పేరు మీద అద్దె రసీదులు. ఒకే పెన్నుతో పన్నెండు నెలల సంతకాలు. మనం రెజ్యూమెలో పెంచుకున్న రెండేళ్ళు? క్లయింటు ఇంటర్వ్యూలో ఒకడు మాట్లాడితే ఇంకొకడు పెదాలు కదిపిన కథలు? ఆ కాగితాలకీ మా కాగితానికీ తేడా ఒకటుంది. మావాళ్ళు ఆకలికి సంతకం పెట్టారు. మనం పన్ను మిగుల్చుకోడానికి పెట్టాం. (నేనూ పెట్టాను, 2011 దాకా. ఆ తర్వాత ఇల్లు కొన్నాను, అంతే, మారుమనసు కాదు :))

అయితే ఇదంతా చెప్పి నేను నిర్దోషినని తేల్చుకోను. ఇక్కడే నాతో ఏకీభవించే మిత్రులతో కూడా నాకు పేచీ. "అది వట్టి కాగితం, గుండెలో ఉంటే చాలు" అంటారు. సరిగ్గా అదే కదా కార్తేజిలో కాగితపువాళ్ళు చెప్పింది! సిప్రియన్ వాళ్ళని చేర్చుకున్నాడు గానీ ఆ మాట ఒప్పుకోలేదు. అడగటం అన్యాయమైనా చెప్పింది అబద్ధమే. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. పొరుగునే కంధమాల్లో 2008లో డజన్ల మందిని చంపారు, మతం మార్చుకుంటేనే ఊళ్ళోకి రానిస్తామన్నారు. ఒప్పుకోక అడవుల్లో, శిబిరాల్లో నెలలు గడిపినవాళ్ళున్నారు. వాళ్ళు మాకంటే డబ్బున్నవాళ్ళేం కాదు. వట్టి మాటే కదా అని వాళ్ళూ అనుకోవచ్చు, అనుకోలేదు. వాళ్ళ ముందు నిలబడి "గుండెలో ఉంటే చాలు" అని నేను అనలేను. ఒప్పుకుని ఊరు చేరినవాళ్ళనీ నేను ఏమీ అనలేను.

ఇప్పుడు పాస్టరుగారూ, మీ దగ్గరికి. మీరు అడిగిన ప్రశ్నకి ఆ హాల్లో తల దించుకున్న సగం మందికి స్టేడియం అక్కర్లేదు. వాళ్ళ పరీక్ష అప్పటికే అయిపోయింది, ఎమ్మార్వో ఆఫీసు వరండాలో. ఆ సంగతి మీకు తెలుసు. తెలిసీ దాని గురించి ఒక్క మాట ఎత్తరు, ఎందుకంటే ఎత్తితే బెంచీలు ఖాళీ అవుతాయి. సింహాల గురించి చెప్పడం సేఫు. భీమిలిలో సింహాల్లేవు.

సిప్రియన్ దాక్కుని ఉన్నప్పుడు కూడా ఉత్తరం తర్వాత ఉత్తరం రాసింది దేని గురించో తెలుసా? డబ్బు గురించి. జైల్లో ఉన్నవాళ్ళకి ఏం కావాలో చూడండి, నిలబడ్డ పేదవాళ్ళకి లోటు రానివ్వకండి, నా సొంత డబ్బులోంచి కూడా ఇవ్వండి అని. నిలబడమని చెప్పేముందు నిలబడితే ఎంతవుతుందో లెక్క కట్టాడు. మన చర్చిల్లో సౌండ్ సిస్టంకి లెక్కలున్నాయి, ప్రహరీ గోడకి ఉన్నాయి. నిజం రాసి సీటు పోగొట్టుకున్న కుర్రాడి ఫీజుకి ఒక పద్దు ఉందా? హైదరాబాదులో, డాలస్‌లో ఉన్న మాలాంటివాళ్ళం క్రిస్మస్‌కి ఊరికి పంపే డబ్బు దేనికెళ్తోంది? పాత సర్టిఫికెట్టుతో పైకొచ్చి, ఇక అవసరం లేని రోజున ఫేస్‌బుక్‌లో పేరు మార్చుకుని సాక్ష్యం చెప్పేవాళ్ళం మనం. మా అమ్మాయి స్కూలు రికార్డులో నేను క్రిస్టియన్ అనే రాయించాను. దాన్ని ధైర్యం అనుకోకండి. నా జీతానికి ఆ కాలమ్ వల్ల పోయేదేమీ లేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన శనివారం మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. ఇంటర్ అయిపోవచ్చింది, అప్లికేషన్లు నింపుతున్నాడు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. వీడు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. మొన్నటి ఆదివారం పొలికార్పు ప్రసంగం వాడూ విన్నాడు. "మావయ్యా, మతం దగ్గర ఏటి రాయాలి?" అన్నాడు.

చాలాసేపు నా నోట మాట రాలేదు. మా నాన్న అయితే ఏమనేవాడో నాకు తెలుసు. ఆ మాట నేను అనలేకపోయాను, దేవుడితో నేను చెప్పుకుంటానని చెప్పేంత చనువు నాకు ఆయన దగ్గర లేదు. నిజం రాయరా అని చెప్పడానికీ నోరు రాలేదు, నా డిగ్రీ ఎలా వచ్చిందో వాడికి తెలుసు. చివరికి రూల్స్ చెప్పాను. ఒక శాతం అంటే ఏంటో, పదిహేను అంటే ఏంటో, రేపు ఎవడైనా కంప్లెయింట్ ఇస్తే సర్టిఫికెట్టు రద్దయ్యే ప్రమాదం ఏంటో అన్నీ చెప్పాను. తర్వాత, "ఉన్నది ఉన్నట్టు రాసి గవర్నమెంటు సీటు పోతే, ప్రైవేటు కాలేజీలో నాలుగేళ్ళ ఫీజూ హాస్టలూ నేను కడతాను. రాయకపోతే నిన్ను ఒక్క మాట అనను. అప్పుడూ నీ మావయ్యనే" అన్నాను.

వాడు కాసేపు ఆగి, "అమ్మనడిగి సెప్తాను మావయ్యా" అన్నాడు. ఇంకా ఫోన్ చెయ్యలేదు.